తపసుమాను రికార్డింగు: నాలుగు ట్రాకులు మొదట్లో కలుస్తున్నాయి, గంట దాటాక తాళం రెండుసార్లు వినపడుతోంది

పుత్తూరు_పిల్లోడు
మా ఊరి భారతం ఉత్సవంలో అర్జునుడు తపస్సు కోసం తపసుమాను అనే ఎత్తైన స్తంభం ఎక్కే రోజు మధ్యాహ్నం మొత్తం రికార్డు చేశాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే మాను మీది పద్యం నెత్తిమీద నుంచి రావాలి, హార్మోనియం ఎడమ పక్కన ఉండాలి, జనం గోల వెనక నుంచి వినపడాలి. బెంగళూరులో, చెన్నైలో ఉన్న మా ఊరోళ్ళు కళ్ళు మూసుకుంటే భారతం మిట్ట మీద నిలబడినట్టు ఉండాలని ఆశ.

మాను అడుగున స్టాండు మీద జూమ్ హెచ్3-వీఆర్ పెట్టాను. ఒకే తలలో నాలుగు మైకులు ఉండి, ఏ శబ్దం ఏ దిక్కు నుంచి వచ్చిందో కూడా పట్టుకుంటాయే, ఆ ఆంబిసోనిక్ రికార్డరు. అద్దెకు తెచ్చా. అర్జునుడి వేషం కట్టిన ఆయనకు పూలదండ చాటున కాలర్ మైకు, నడుముకు చిన్న రికార్డరు. పందిట్లో హార్మోనియం, మృదంగం దగ్గర ఇంకోటి. జనం గోల కోసం వేపచెట్టు కింద మా బావమరిది, ఆయన చేతిలో ఫోను. ముందుగా నాలుగూ ఒకే బల్ల మీద పెట్టి ఆన్ చేసి, గట్టిగా ఒక చప్పట్లు కొట్టి, ఆపకుండానే ఎవరి చోటికి వాటిని చేర్చాం.

ఆ చప్పట్ల దగ్గర నాలుగు ట్రాకులూ కలిపితే మొదటి పది నిమిషాలు బ్రహ్మాండం. గంట దాటాక తాళం టింగు టింగుమని రెండుసార్లు. 100వ నిమిషంలో చెరువుకట్ట మీద ఔటు (పెద్ద టపాకాయ) పేల్చారు. అది ఫోను ట్రాకులో 270 మిల్లీసెకన్లు వెనకబడి ఉంది. పందిట్లోది కూడా కాస్త జరిగింది కానీ ఇంత కాదు. నేను యాడ తప్పు చేశా?

రేణిగుంట_లోకల్
270 మిల్లీసెకన్లేనా సామీ. ఇంట్లో పిలిస్తే నేను పలకడానికి అంతకు పదింతలు పడుతుంది.

ఎడిటర్_ఎమ్మార్‌పల్లి
అన్నీ ఒకే శాంపిల్ రేటేనా, అంటే సెకనుకు శబ్దాన్ని అన్నిసార్లే కొలుస్తున్నాయా, ముందు అది చూడు. ఒక పెళ్ళికి 44.1 కిలోహెర్ట్జ్‌లో తీసిన ఫైలును ఏదో ఆప్షన్ నొక్కి 48గా చదివించా. నాదస్వరం ఒకటిన్నర స్వరస్థానం పైకెక్కి కూచుంది. డోలు ఆయన ఫోన్ చేసి "మేం ఇంత పరుగెత్తి ఎప్పుడు వాయించాం నాయనా" అన్నాడు.

పుత్తూరు_పిల్లోడు
అన్నీ 48 అన్నా. రెండుసార్లు చూశా.

లెక్కల_సారు
శాంపిల్ రేటు తప్పయితే 100 నిమిషాలది 92 నిమిషాలకే అయిపోయేది. ఇది అది కాదు, గడియారాల తేడా.

ప్రతి రికార్డరులోనూ ఒక క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 48,000 లెక్కపెడుతుంది. ఏ రెండు స్ఫటికాలూ ఒకేలా లెక్కపెట్టవు. మామూలు వాటిలో పది లక్షలకు ఇరవై అటో ఇటో పోతుంది. చాలా తక్కువ అనిపిస్తుంది కానీ గంటకు 72 మిల్లీసెకన్లు. ఒకటి ఎక్కువకు, ఇంకోటి తక్కువకు పోతే రెండింటి మధ్య గంటకు 144. నువ్వు మొదట్లో ఎంత బాగా చప్పట్లు కొట్టినా లాభం లేదు. ఇద్దరు ఒకే గీత మీద నుంచి బయల్దేరి వేరే వేరే వేగంతో నడుస్తున్నారంతే.

నీ లెక్క చూద్దాం. 100 నిమిషాలంటే 6,000 సెకన్లు, తేడా 270 మిల్లీసెకన్లు. అంటే పది లక్షలకు 45. ఫోను ఎక్కువ లెక్కపెట్టింది, అందుకే దాని ఫైలు పొడుగైంది. రీపర్ లాంటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాకు వేగం 1.000045 పెట్టు, శ్రుతి కాపాడే టిక్కు తీసెయ్. సరిపోతుంది.

ఏడుకొండల_ఎకో
ఆ టిక్కు తీసేస్తే శ్రుతి మారిపోదా సార్? హార్మోనియం ఉంది కదా పక్కనే.

లెక్కల_సారు
ఒక స్వరస్థానాన్ని వంద ముక్కలు చేస్తే, అందులో ఒక ముక్కలో పదో వంతు కూడా మారదు. ఏ విద్వాంసుడూ పట్టలేడు. టిక్కు ఉంచితేనే ప్రమాదం. సాఫ్ట్‌వేర్ శబ్దాన్ని కోసి అతికిస్తుంది, తాళం మొన విరుగుతుంది.

ఎడిటర్_ఎమ్మార్‌పల్లి
ఇంత లెక్కలెందుకబ్బా. ఐదు నిమిషాలకోసారి ట్రాకు కోసెయ్, వేవ్‌ఫామ్ చూసి జరిపెయ్. పెళ్ళిళ్ళన్నీ అలాగే చేస్తున్నా, ఎవరూ డబ్బులు వెనక్కి అడగలేదు.

శ్రుతిపెట్టె
పెళ్ళి వీడియోలో ఒక్క మైకు వినిపించి మిగతావి మ్యూట్ చేస్తారు కాబట్టి సరిపోతుంది అన్నా. ఈ అబ్బాయి నాలుగూ ఒకేసారి వినిపిస్తున్నాడు. ఐదు నిమిషాలకోసారి కోస్తే, ప్రతి ముక్క చివరికీ పదమూడు మిల్లీసెకన్లు జరిగి, మళ్ళీ టక్కున వెనక్కొస్తుంది.

హార్మోనియం రెండు మైకుల్లోనూ దాదాపు ఒకే గట్టిగా పడి, మధ్యలో ఒక్క మిల్లీసెకను తేడా ఉంటే 500, 1,500, 2,500 హెర్ట్జ్ ఇలా మెట్లు మెట్లుగా కొట్టుకుపోతాయి. గొట్టంలో నోరు పెట్టి మాట్లాడినట్టుంటుంది. తేడా నెమ్మదిగా పెరుగుతుంటే ఆ రంధ్రాలు కూడా జరుగుతూ, హార్మోనియం సుడి తిరుగుతున్నట్టు వినపడుతుంది.

పుత్తూరు_పిల్లోడు
అక్కా, సుడి తిరుగుతున్నట్టే ఉంది! అది నేను గాలి అనుకున్నా.

రేణిగుంట_లోకల్
అర్జునుడి తపస్సుకు ప్రకృతి కంపించింది అని చెప్పేయ్.

టైమ్‌కోడ్_తమ్ముడు
టైమ్‌కోడ్ పెట్టెలు కొనుక్కో బ్రో. ఒక్కో రికార్డరుకు ఒకటి తగిలిస్తే గొడవే ఉండదు.

కపిలతీర్థం_చినుకు
గొడవ ఉంటుంది. టైమ్‌కోడ్ చెప్పేది ఈ ఫైలు ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు మొదలైందో మాత్రమే. ఆ తర్వాత శాంపిళ్ళు లెక్కపెట్టేది రికార్డరు సొంత స్ఫటికమే. మొదలు కలుస్తుంది, చివర జారుతుంది, ఇప్పుడు ఆయనకున్న బాధే. జారకుండా ఉండాలంటే అన్నింటికీ ఒకే వర్డ్ క్లాక్ తీగ, అంటే ఒకే గడియారం టిక్కులు మోసే తీగ, ఇవ్వాలి. లేదా శబ్దాన్ని పంపే డాంటే లాంటి నెట్‌వర్కులో ఉండాలి, అందులో పీటీపీ అనే పద్ధతిలో పరికరాలన్నీ ఒకే గడియారాన్ని అనుసరిస్తాయి. జేబు రికార్డర్లకు ఆ సాకెట్టు ఉండదు. ఫోనుకు అసలే ఉండదు.

అన్నట్టు పిల్లోడా, హెచ్3-వీఆర్‌లోని నాలుగు ఛానళ్ళ జోలికి మాత్రం పోవద్దు. వాటికి గడియారం ఒకటే, అవి పుట్టుకతోనే కలిసి ఉన్నాయి. రెండేళ్ళ కిందట వానలు పడ్డాక కపిలతీర్థం జలపాతం ఇలాంటి మైకుతోనే తీశా. ఇంటికొచ్చి తెలివిగా నాలుగు ఛానళ్ళనూ ట్రాకులను తనంతట తానే జరిపి కలిపే ఆటో అలైన్‌లో వేశా. కొండంత నీళ్ళు బాత్రూము కొళాయి అయిపోయాయి. 1970లలో మైకేల్ గెర్జాన్ లాంటివాళ్ళు ఆంబిసోనిక్స్ కట్టింది ఆ చిన్న చిన్న తేడాల మీదే. శబ్దం ఏ దిక్కు నుంచి వచ్చిందో అందులోనే రాసి ఉంటుంది.

మైక్‌సెట్_మామ
చిత్తూరు చుట్టుపక్కల భారతాలకు ముప్పై ఏళ్ళుగా మైక్‌సెట్ కడుతున్నా. ఒక్క మాట అడుగుతా. ఊర్లో ఎన్ని హారన్లు కట్టారు?

పుత్తూరు_పిల్లోడు
పందిరి దగ్గర రెండు, కట్ట మీద ఒకటి, బడి దగ్గర ఒకటి మామా.

మైక్‌సెట్_మామ
ఇంకేం. తీగలో మాట అప్పటికప్పుడే పోతుంది, గాలిలో నడిచి రావాలి. బడి దగ్గరి హారను వంద మీటర్లుంటే అక్కడి నుంచి మాట మాను దగ్గరికి రావడానికి పావు సెకను పైనే. ధర్మరాజు ఒకసారి చెప్తే ఊరు మూడుసార్లు వింటుంది. నీకు రెండుసార్లు వినపడేదంతా గడియారం తప్పే అనుకోకు. కొంత మా తప్పు.

రేణిగుంట_లోకల్
మామ ఒప్పుకున్నాడు, ఈ పేజీ ఎవరైనా ఫోటో తీసి పెట్టుకోండి.

శ్రుతిపెట్టె
మామ మాటతో నాకు ఒక అనుమానం వచ్చింది. లెక్కల సారూ, 45 అన్నారు. ఇప్పటి ఫోనుకు అది కాస్త ఎక్కువే. చప్పట్లు కొట్టినప్పుడు నాలుగూ ఒకే బల్ల మీద ఉన్నాయి, దూరం సున్నా. ఔటు పేలినప్పుడు ఎవరి చోట వాళ్ళున్నారు. కట్ట నుంచి మానుకు ఒక దూరం, ఫోనుకు ఒక దూరం. మీరు ఆ 270 మొత్తాన్నీ గడియారం ఖాతాలో రాశారు. ఫోను ఒక 30 మీటర్లు ఎక్కువ దూరంలో ఉంటే అందులో 85 మిల్లీసెకన్లు దూరానివే. అప్పుడు 45 కాదు, 31 అవుతుంది.

గడియారం తప్పును సరిచెయ్యాలి. దూరాన్ని సరిచెయ్యకూడదు, అది వదిలెయ్యాలి. రెండూ కలిపి లెక్కగడితే ఔటు దగ్గర అన్నీ కలుస్తాయి, మిగతా చోట్ల అన్నీ చెడతాయి.

లెక్కల_సారు
తప్పు నాదే. 35 ఏళ్ళు పిల్లలకు దూరం, వేగం, కాలం చెప్పి ఇప్పుడు దూరం మర్చిపోయా.

దిద్దుకునే దారి కూడా ఉంది. ఒకే చోట నుంచి వచ్చే శబ్దం ఒకటి ముందు, ఒకటి బాగా తర్వాత కావాలి. మైకులు కదలకపోతే దూరం రెండుసార్లూ ఒకటే, తీసివేతలో కొట్టుకుపోతుంది. మిగిలేది గడియారం తేడా ఒక్కటే. ద్రౌపదమ్మ గుడిలో గంట మోగిందా?

పుత్తూరు_పిల్లోడు
మోగింది సార్. ఇప్పుడే వెతికా. 12వ నిమిషంలో, 57లో, 83లో హారతి గంట. గుడి పందిరికి పక్కనే, నాలుగు ట్రాకుల్లోనూ మొన స్పష్టంగా ఉంది. హెచ్3-వీఆర్‌తో పోల్చి కొలిచా. పందిట్లోది 12 నుంచి 57కు 22 మిల్లీసెకన్లు జరిగింది, 57 నుంచి 83కు 12 నుంచి 13. ఫోను మాత్రం 12 నుంచి 57కు 76, కానీ 57 నుంచి 83కు 154! సగం సమయంలో రెండింతలు. ఫోను గడియారానికి పిచ్చి పట్టిందా?

ఎడిటర్_ఎమ్మార్‌పల్లి
చెప్పానా. ఈ లెక్కలు నమ్మితే ఇంతే. అన్ని వేవ్‌ఫామ్‌లనూ ప్రతి గంట దగ్గరా సున్నాకు తెచ్చెయ్, తలనొప్పి ఉండదు.

ఏడుకొండల_ఎకో
ఎండకేమో? మధ్యాహ్నం ఫోను వేడెక్కితే స్ఫటికం కూడా మారుతుందంటారు.

లెక్కల_సారు
మారుతుంది, కానీ పది లక్షలకు ఒకటో రెండో, మహా అయితే ఐదో పది. ఇంత కాదు. ఆగండి, కాగితం తీస్తున్నా.

పందిట్లోది 45 నిమిషాల్లో 22, 26 నిమిషాల్లో 12 చిల్లర. రెండు చోట్లా పది లక్షలకు 8. నిలకడగా ఉంది, వేగం 1.000008 పెట్టేసి మర్చిపో.

ఫోను మొదటి భాగం 2,700 సెకన్లకు 76, అంటే 28. ఇది నమ్మదగ్గ అంకె. అదే వేగంతో 57 నుంచి 83 వరకు, అంటే 1,560 సెకన్లకు 44 రావాలి. వచ్చింది 154. ఎక్కువ వచ్చింది 110 మిల్లీసెకన్లు. గడియారం మారలేదు కాబట్టి ఇది దూరమే. 40 డిగ్రీల ఎండలో శబ్దం సెకనుకు దాదాపు 355 మీటర్లు. 110 మిల్లీసెకన్లకు 39 మీటర్లు.

పిల్లోడా, మీ బావమరిది 57వ నిమిషానికీ 83వ నిమిషానికీ మధ్య గంట నుంచి కనీసం 39 మీటర్లు దూరం జరిగాడు. అడ్డంగా నడిచి ఉంటే ఇంకా ఎక్కువే నడిచాడు.

రేణిగుంట_లోకల్
అమ్మా సారూ.

మైక్‌సెట్_మామ
పోలీసుల్లో చేరాల్సినోడివయ్యా నువ్వు.

పుత్తూరు_పిల్లోడు
ఆయనను అడిగా. "వేపచెట్టు కిందే ఉన్నా, ఒట్టు" అన్నాడు.

కపిలతీర్థం_చినుకు
ఒట్లు వద్దు. ఫోను ట్రాకును 57 నుంచి వరసగా హెడ్‌ఫోన్స్‌లో విను. మనిషి నడిస్తే అడుగుల చప్పుడు, గుడ్డ రాపిడి పడుతుంది.

పుత్తూరు_పిల్లోడు
విన్నా. 61వ నిమిషంలో చెప్పుల చప్పుడు. 62 నుంచి నూనె చిటపట. 63లో "నాలుగు మిరపకాయవి, రెండు అరటికాయవి" అని ఆయన గొంతే. అర్జునుడు పరమశివుణ్ణి పిలుస్తున్న పద్యం సరిగ్గా ఆ మాటల కిందే ఉంది.

రేణిగుంట_లోకల్
పాశుపతం కన్నా ముందు మిరపకాయ బజ్జీ ప్రత్యక్షమైంది.

శ్రుతిపెట్టె
నవ్వి నవ్వి కడుపు నొప్పి. కానీ చూడండి, ఎమ్మార్‌పల్లి అన్న చెప్పినట్టు ప్రతి గంట దగ్గరా సున్నాకు తెచ్చి ఉంటే ఈ 39 మీటర్లూ మాయమైపోయేవి. బజ్జీల బండి వచ్చి మాను కింద నిలబడేది.

ఎడిటర్_ఎమ్మార్‌పల్లి
సరే, జనం గోలకు ఒప్పుకుంటా. అర్జునుడి కాలర్ మైకు సంగతేంటి మరి? అది నోటి దగ్గరే, కింది మైకుకు పద్యం ఆలస్యంగా వస్తుంది. దాన్నీ అలాగే వదిలేస్తే పద్యం రెండుసార్లు వినపడదా? అక్కడ కలపాల్సిందేగా.

శ్రుతిపెట్టె
ఇది మంచి ప్రశ్న. ఇక్కడ నువ్వు చెప్పేదాంట్లో సగం నిజం. మాను ఎంత ఎత్తు?

పుత్తూరు_పిల్లోడు
50 అడుగులుంటుంది. పైకెక్కాక నా మైకుకూ ఆయనకూ 14 మీటర్లు అనుకోండి.

శ్రుతిపెట్టె
అంటే 40 మిల్లీసెకన్లు. కాలర్ మైకును ఉన్నదున్నట్టు వదిలితే ముందు చెవిలో పడేది అదే. ఒకే శబ్దం కొద్ది తేడాతో రెండు వైపుల నుంచి వస్తే, ముందు వచ్చిన వైపే శబ్దం పుట్టిందని మన చెవి తీర్మానించుకుంటుంది. హెల్ముట్ హాస్ 1949లో తన పరిశోధనలో చూపించింది ఇదే. అర్జునుడు మాను మీద కాదు, నీ చెవిలో కూర్చుని పద్యం పాడతాడు. ఎత్తు పోతుంది.

అందుకని కాలర్ ట్రాకును 40 కన్నా కొంచెం ఎక్కువ, 45 నుంచి 50 దాకా వెనక్కి జరుపు. అప్పుడు కింది ఆంబిసోనిక్ మైకులో పడిన గొంతు ముందు వస్తుంది, "పైనుంచి" అని అది చెప్తుంది. కాలర్ మైకు వెనకే వచ్చి మాటకు స్పష్టత మాత్రం ఇస్తుంది. దాన్ని తక్కువ సౌండులోనే ఉంచు. మాట తెలియాలి, మైకు ఉందని తెలియకూడదు.

కింద ఉన్నప్పుడు దూరం రెండు మీటర్లే, ఆరు మిల్లీసెకన్లు. ఎక్కే కొద్దీ పెరుగుతుంది. కాబట్టి ఆ జాప్యాన్ని కూడా మెల్లగా పెంచుకుంటూ పోవాలి.

ఏడుకొండల_ఎకో
ఎక్కేటప్పుడు మధ్యమధ్యలో ఆగి పాడతాడు కదా మా వైపు, మెట్టుకో పద్యం.

శ్రుతిపెట్టె
అయితే ఇంకా సుఖం. ఆగిన చోటల్లా కొత్త అంకె, ఎక్కుతున్నప్పుడు కాలర్ మైకు తగ్గించెయ్. ఆ ఆయాసం వినపడితేనే బాగుంటుంది అనుకుంటే ఉంచుకో, నీ ఇష్టం.

మైక్‌సెట్_మామ
ఆయాసం ఉంచు నాయనా. ఆ వేషం కట్టే వాళ్ళు ఉపవాసం ఉండి ఎక్కుతారు. అది వినపడాల.

ఎడిటర్_ఎమ్మార్‌పల్లి
ముందు వచ్చిందే దిక్కు చెప్తుందన్నది నాకు తెలీదు. రిసెప్షన్లలో పాటగాడు ఎప్పుడూ స్పీకర్లోంచి పాడినట్టే ఉంటాడు, స్టేజీ మీద నుంచి కాదు. ఎందుకా అని ఎప్పుడూ అనుకునేవాణ్ణి. స్పీకరు దగ్గరగా ఉంటుంది, ముందు వినిపిస్తుంది, అంతేనా?

మైక్‌సెట్_మామ
అంతే. ముందు వరస దాటాక కూచున్న వాళ్ళకు స్పీకరే గాయకుడు.

బావమరిది_నేనే
లింకు పంపారు, చదివా. బజ్జీలు నేనొక్కణ్ణే తినలేదు. మూడు మా బావకే తెచ్చిచ్చా. అది కూడా రికార్డయ్యుంటుంది, వెతకమనండి.

రేణిగుంట_లోకల్
పిల్లోడా, సమాధానం చెప్పు.

పుత్తూరు_పిల్లోడు
71వ నిమిషం, హెచ్3-వీఆర్ ట్రాకు, కుడి పక్క వెనక నుంచి నా నములుడు. చాలా స్పష్టంగా ఉంది. ఆంబిసోనిక్స్ పనిచేస్తోంది.

కపిలతీర్థం_చినుకు
ఇంత మంచి దిక్కు నేను జలపాతంలో కూడా వినలేదు.

పుత్తూరు_పిల్లోడు
రెండు రోజులు కూర్చుని చేసింది చెప్తా. పందిరి ట్రాకు 1.000008, ఫోను 1.000028. కాలర్ రికార్డరుకు గంటతో లెక్క కుదరలేదు, ఆయన ఎక్కుతూ దిగుతూ ఉన్నాడు కదా. వేషం కట్టకముందు అది పందిట్లో బల్ల మీద ఉన్నప్పటి శబ్దం ఒకటి, దిగొచ్చి అదే చోట కూర్చున్నాక ఇంకోటి తీసుకున్నా. 19 వచ్చింది. సుడి పోయింది, తాళం ఒక్కసారే మోగుతోంది. బడి దగ్గరి హారను మాత్రం ఇంకా వెనక నుంచి పలుకుతూనే ఉంది, దాన్ని వదిలేశా. మా ఊర్లో అది ఎప్పుడూ అలాగే పలుకుతుంది.

ఫోను ట్రాకును 61 వరకు వాడి, తర్వాత బజ్జీల బండి దగ్గరిది వేరే ముక్కగా చాలా తక్కువ సౌండులో దూరంగా పెట్టా. ఆర్డరు చెప్పిన మాట కోసేశా. మా అమ్మకు హెడ్‌ఫోన్స్ పెడితే పద్యం దగ్గర తలెత్తి ఫ్యాను వైపు చూసింది.

శ్రుతిపెట్టె
తలెత్తిందంటే వచ్చినట్టే.

లెక్కల_సారు
వచ్చే వారం రాత్రి వీధి నాటకం కూడా ఉంటుందిగా? రాత్రి 27 డిగ్రీలుంటే శబ్దం సెకనుకు 348 మీటర్లే. అంకెలు మళ్ళీ వేసుకో, మధ్యాహ్నానివి పనికిరావు.

పుత్తూరు_పిల్లోడు
ఈసారి ఎనిమిది ఛానళ్ళ రికార్డరు ఒక్కటే తెస్తున్నా సార్, మైకులన్నింటికీ తీగలు లాగుతా. గడియారం ఒకటే ఉంటే సగం పని ఉండదు. మామ 50 మీటర్ల కేబుల్ చుట్టలు ఇస్తానన్నాడు.

మైక్‌సెట్_మామ
ఇస్తా. తిరిగిచ్చేటప్పుడు చిక్కు తీసి ఇయ్యి.

టైమ్‌కోడ్_తమ్ముడు
జనం గోలకు ఫోను?

పుత్తూరు_పిల్లోడు
వేపచెట్టుకు కట్టేస్తా.

బావమరిది_నేనే
మరి నేనేం చెయ్యాలి?

రేణిగుంట_లోకల్
నువ్వు నేరుగా బండి దగ్గరికే వచ్చెయ్, నేనూ వస్తున్నా.